సర్జికల్ వార్డు సిస్టర్లకు: గురువారం డ్రెస్సింగ్ ప్రాక్టీస్

అందరికీ నమస్తే. గురువారం మధ్యాహ్నం 1:30కి మన ట్రీట్‌మెంట్ రూమ్‌లో అరగంట ప్రాక్టీస్. మార్నింగ్ డ్యూటీ వాళ్లు ఉండిపోండి. మియాపూర్, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు వాన చూసుకుని ముందే బయల్దేరండి.

ఈలోపు ఇవి మర్చిపోవద్దు:

ఆపరేషన్‌కి ముందు వెంట్రుకలు తీయడానికి రేజర్ వద్దే వద్దు. కనబడని గాట్లు పడి వాటిల్లో క్రిములు చేరతాయి. వెంట్రుకలు అడ్డమైతేనే క్లిప్పర్ (కత్తిరించే మెషిన్).

సెఫజోలిన్ (ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్) కోతకు ముందు 60 నిమిషాల్లోపే వెళ్లాలి. వార్డులో తొందరపడి ఇచ్చేస్తే, ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఆలస్యమైనప్పుడు కోత వేళకి మందు చాలదు. టైమ్ కేస్‌షీట్‌లో రాయండి.

కుట్ల మీది కట్టు తడిస్తేనో, ఊడితేనో తప్ప మొదటి 48 గంటలు విప్పొద్దు. విప్పితే: హ్యాండ్ రబ్ (చేతులకి శానిటైజర్ రుద్దుకోవడం) 20-30 సెకన్లు, మామూలు గ్లౌజులతో పాత కట్టు తీసి, అవి పారేసి, మళ్లీ రబ్, అప్పుడే స్టెరైల్ (క్రిములు లేని) గ్లౌజులు. హడావిడిలో జారిపోయేది ఈ రెండో రబ్బే, దయచేసి వదలకండి. ఒక గాజ్‌తో ఒక్కసారే తుడవాలి. డ్రెయిన్ బ్యాగ్ (గాయం నుంచి కారేది చేరే సంచి) నేలకి తగలకూడదు.

డిశ్చార్జ్ అప్పుడు గాయానికి పసుపు, కొబ్బరినూనె రాయొద్దని పేషెంట్లకి తెలుగులో, ఉర్దూలో చెప్పండి. నెలలోపు ఎర్రబడినా, చీము పట్టినా వెంటనే రమ్మనండి.

ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లు ఈ మెసేజ్ కింద పేరు పెట్టండి. గాజులు, ఉంగరాలు తీసేసి, గోళ్లు కత్తిరించుకుని రండి.