ఆ అటెండరు అన్నకు, ఇంకా అందరికీ థ్యాంక్స్

ఈరోజు మధ్యాహ్నం నా పదో తరగతి డూప్లికేట్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అయిదు నెలలు తిరిగాను. కాళ్ళు లాగుతున్నాయి, నిద్ర పట్టేలా లేదు, రేపటికి మళ్ళీ మిషను మీద కూర్చుంటే ఇవన్నీ రాయలేనని ఇప్పుడే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ళకు చెప్తున్నా, నేను కర్నూలు పాతబస్తీలో బ్లౌజులు కుడతాను. 1996లో పది పాసయ్యాను, తర్వాత పెళ్ళి, పిల్లలు, మిషను. ఇంటర్ చదవాలని ఉండేది గానీ వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే గడిచిపోయింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు పిల్లల్ని ఎత్తుకుని పక్కింటి మిద్దె ఎక్కాం. దిగొచ్చి చూస్తే బీరువాలో కాగితాలన్నీ బురద ముద్ద. ప్రాణాలు మిగిలాయి చాలనుకున్నాం, సర్టిఫికెట్ కోసం అప్పుడెవరు ఏడుస్తారు.

పోయిన శ్రావణంలో నా పక్క మిషను మీద పదకొండేళ్ళు కుట్టిన అక్క పోయింది. నలభై ఆరేళ్ళు. పొద్దున చీరకు ఫాల్ కుట్టింది, సాయంత్రానికి మనిషి లేదు. కాశీకి పోవాలని రవ్వ డబ్బాలో దాచుకునేది, పద్దెనిమిది వేలు చేసింది. ఆ డబ్బు ఆమె దినం భోజనాలకే సరిపోయింది. నేనూ ఆ పంక్తిలో కూర్చున్నా, ముద్ద దిగలేదు. ఆ రాత్రే మా పాపను అడిగా, ఈ వయసులో ఇంటర్ కట్టనిస్తారా అని. ఓపెన్ స్కూల్లో ఇంత వయసు దాటితే వద్దనేదేం లేదు, అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు రాయచ్చని ఫోన్లో చూసి చెప్పింది. కాకపోతే పది సర్టిఫికెట్ ఉండాలి.

అక్కడ మొదలైంది. పోయిందని పోలీసుల దగ్గర కాగితం తెమ్మన్నారు. అక్కడికి పోతే, పదహారేళ్ళ కిందట పోయినదానికి ఇప్పుడు కంప్లైంటేంటమ్మా, వరదలోనే పోయిందని రుజువేది అన్నారు. రుజువంట! ఊరు ఊరంతా మునిగింది, హెలికాప్టర్లలోంచి అన్నం పొట్లాలు వేశారు, గోడల మీద నీళ్ళ చార మా వీధిలో ఇప్పటికీ కనిపిస్తుంది, అయినా నా ఒక్క కాగితం తడిసిందని నేను సాక్ష్యం తేవాలి. ఎట్లో ఆ కాగితం ఇచ్చారు, అఫిడవిట్ చేయించా, అప్పుడు ఇంకో ఆఫీసులో మీ రోల్ నంబరు చెప్పండి అన్నారు. సర్టిఫికెట్ పోయినవాళ్ళకు నంబరు ఎక్కడుంటుందని ఎవరికీ తోచదా? నాలుగుసార్లు తిప్పారు. నాలుగోసారి బయటికొచ్చి, ఎందుకులే, ఈ వయసులో ఏం చదువు అనేసుకున్నా.

ఆఖరికి నేను చదివిన బడికే పోయా. హెడ్మాస్టరుగారు ట్రైనింగుకు పోయారు. అక్కడ అటెండరు ఒకాయన, వచ్చే ఏడు రిటైరంట, నా మాట మొత్తం విని "ఆదివారం రామ్మా, ఎవరూ ఉండరు, నిదానంగా ఎతుకుదాం" అన్నాడు. సెలవురోజు మనిషి తన పనులు మానుకుని తాళం తీశాడు. రిజిస్టర్లు మట్టి రంగులో ఉబ్బిపోయి ఉన్నాయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని. ఒక వేపపుల్లను చాకుతో పలచగా చెక్కి, దాన్ని పేజీకీ పేజీకీ మధ్య దూర్చి, ఊపిరి బిగబట్టి విడదీశాడు. రెండు గంటలు పట్టింది. ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలైపోయాయి, బాల్ పెన్నువి నిలిచాయి. ఇవసలు ఎట్లా మిగిలాయన్నా అంటే, నీళ్ళు తీశాక బడి మిద్దె మీద ఆరేసి, వారం పైన ఎండలో కూర్చుని పేజీలు తిప్పుతూ ఉన్నాడంట. ఎవరు చెప్పారంటే, "ఎవరూ చెప్పలేదమ్మా, చెత్త ట్రాక్టరులో ఏస్తాంటే సూడలేకపోతి" అన్నాడు.

నంబర్ల పుస్తకం దొరికింది, దాంతో నా పని అయిపోయినట్టే. పుట్టినతేదీ కూడా సరిచూసుకుందామని నేను ఆరో తరగతిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టరు తీశాడు. 1991. నా పేరు మీద వేలు పెట్టి, పక్కన చూపించి "మీ నాయనా?" అన్నాడు. ఆ పేజీలో తండ్రుల గడిలో అన్నీ వేలిముద్రలే. మా నాయనది ఒక్కటే సంతకం. మూడక్షరాలు, చివరిది గీత కిందికి జారిపోయింది. మా నాయన మార్కెట్ యార్డులో హమాలీ. రేషన్ షాపులో, బ్యాంకులో, నా పెళ్ళిలో కూడా వేలిముద్రే వేశాడు. సంతకం వచ్చని మా అమ్మ కూడా ఏనాడూ చెప్పలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఎన్ని రోజులు దిద్దుకున్నాడో, నన్ను బడిలో వేసే ఒక్కరోజు కోసం. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంక ఎవరిని అడగాలి?

నేను బెంచీ మీద కూలబడి ఏడ్చేశా. ఆయన ఏం మాట్లాడలేదు, స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి, రిజిస్టరు నా ముందే తెరిచి ఉంచి, బయట వసారాలోకి పోయి కూర్చున్నాడు. నేను ముఖం కడుక్కుని వచ్చేదాకా లోపలికి రాలేదు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అన్నా, నువ్వు ఈ ఫోన్లు అవీ చూడవని తెలుసు, ఎవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నా.

మా ఆయన, పిల్లలు, మా చెల్లెలు తోడున్నారు, వాళ్ళకు వేరే చెప్పాలా.

అయ్యో, జిరాక్స్ షాపు పిల్లోడిని మర్చిపోయా, రెండుసార్లు డబ్బులు తీసుకోలేదు. కోర్టు దగ్గర అఫిడవిట్ కొట్టిచ్చిన టైపిస్టు అన్నకు. క్యూలో నా చోటు కాపాడిన ఆదోని ఆమెకు, పేరు అడగలేదు తల్లీ, క్షమించు. ట్రైనింగునుంచి రాగానే మారుమాట లేకుండా సంతకం పెట్టిన హెడ్మాస్టరుగారికి.

ఓపెన్ స్కూలు ఫీజు సోమవారం కడతా. పెళ్ళి బ్లౌజులు ఇచ్చినవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేయకండి, గురువారానికి అన్నీ హుక్కులతో సహా రెడీగా ఉంటాయి.