నీళ్ళు కప్లర్ మూతిలోంచి కాదు, తోకలోంచి వస్తాయి

ఒరేయ్ శీనూ,

జిప్సీ జీపు వైరింగంతా పీకేసి కొత్తగా వేస్తున్నానన్నావు, మంచి పని. ఆ పాత బుల్లెట్ పిన్నుల మీద చుట్టిన టేపు ఇంజిన్ వేడికి కారి బంకై, లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కాకినాడ ఉప్పు గాలికి అదేం వింత కాదు. ఇక నువ్వడిగింది ఏ వాటర్‌ప్రూఫ్ కప్లర్, అదే వైర్లని కలిపే నీళ్ళు చొరని ప్లగ్గు జత, కొనాలని. ఒక్క ముక్కలో పేరు చెప్పేయొచ్చు గానీ, ఆ పేరు పట్టుకుని బజారుకెళ్తే తప్పు వైరు కొనుక్కొస్తావు. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిక పట్టు.

కప్లర్ కొనేవాళ్ళు రెండు సగాలూ కలిపి టక్కుమనిపించి, లాగి చూసి, గట్టిగానే ఉందని డబ్బులిచ్చేస్తారు. ఆ రెండూ కలిసే చోట ఉండే రబ్బరు రింగు నకిలీ సరుకులో కూడా చాలావరకు పని చేస్తుంది. నీళ్ళు వచ్చేది వెనకనుంచి, వైరు లోపలికి దూరే చోటునుంచి. అక్కడ రబ్బరు సీలు వైరు తొడుగుని చుట్టూ పట్టుకోవాలి. తొడుగు సన్నమైతే సందు మిగులుతుంది, లావైతే సీలు చిరుగుతుంది. పైగా బండి నడిచి వేడెక్కిన కప్లర్ వాగు నీళ్ళలో దిగగానే చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నీటిని పీలుస్తుంది. సందు వెంట్రుకంత ఉన్నా చాలు. ఇంకో దారీ ఉంది: వైరు రెండో కొస ఎక్కడో తెరిచి ఉంటే, తొడుగు లోపల రాగి పోగుల మధ్య నుంచే తడి పాక్కుంటూ వచ్చి కప్లర్ లోపల తేలుతుంది. కప్లర్ మంచిదే, పిన్ను మాత్రం పచ్చబడింది అంటే చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి ముందు వైరు సంగతి తేల్చుకో. ఇంటి వైరింగులో మిగిలిన చుట్ట ఉందని రాశావు చూడు, దాన్ని అటకెక్కించు. ఇంటి 1.5 స్క్వేర్ (అంటే రాగి అడ్డుకోత 1.5 చదరపు మి.మీ.) వైరులో మామూలుగా 0.3 మి.మీ. పోగులు 22 ఉంటాయి. బండికి వాడే పల్చటి తొడుగు వైరులో 0.25 మి.మీ. పోగులు 30. పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటే అదురుడికి తట్టుకుంటాయి. మామూలు ఇంటి వైరు తొడుగు 70 డిగ్రీల వరకే, బండి వైరుది 105 దాకా. షాపులో ఎఫ్‌ఎల్‌ఆర్‌వై అని అడుగు, ఈ పల్చటి తొడుగు బండి వైరు రకం పేరది, చుట్ట మీద రాసి ఉంటుంది. ఆ వైరు బయటి మందం గరిష్ఠంగా ఇంత: 0.5 స్క్వేర్ 1.6 మి.మీ., 0.75 అయితే 1.9, 1 స్క్వేర్ 2.1, 1.5 అయితే 2.4, 2.5 స్క్వేర్ 3 మి.మీ. ఈ అంకెలు ఫోన్లో రాసి పెట్టుకో, బజారులో పనికొస్తాయి. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఉంటే వెంట తీసుకెళ్ళు. షాపువాడు నవ్వితే నవ్వనీ.

ఇక కప్లర్లు. మన దగ్గర తేలిగ్గా దొరికేది సూపర్‌సీల్. బైకుల్లో, కార్లలో చూసే నల్లటి చిన్న కప్లర్ అదే. 1.5 మి.మీ. బ్లేడు పిన్ను, ఒక్కో పిన్నుకి 14 ఆంపియర్లు, ఒకటి నుంచి ఆరు పిన్నుల దాకా వస్తుంది. ఇందులో ప్రతి వైరుకీ విడి సీలు ఎక్కించాలి. సీలు రంగు వైరు మందాన్ని బట్టి మారుతుంది. షాపుల్లో సెట్టుతో పాటు ఏదో ఒక రంగు కలిపి ఇచ్చేస్తారు, నీ వైరుకి సరిపోతుందో లేదో వాళ్ళు చూడరు. నువ్వే చూసుకోవాలి.

రెండోది డీటీ. డాయిచ్ అనేది పాత పేరు, ఇప్పుడు టీఈ కనెక్టివిటీ చేతిలో ఉంది. ట్రాక్టర్లు, జేసీబీలు, లారీల కింద బూడిద రంగులో కనిపించేది ఇదే. పిన్నుకి 13 ఆంపియర్లు, 0.5 నుంచి 2 స్క్వేర్ వైరు. దీని సీలు కప్లర్ వెనకే ఒకే దిమ్మెగా ఉంటుంది, వైరుని అందులోంచి గుచ్చి తోసేయడమే. పని సులువు. కానీ ఇక్కడో తిరకాసు ఉంది. ఆ సీలు పట్టుకునేది 2.2 నుంచి 3.7 మి.మీ. మందాన్ని. పైన రాసిన అంకెలు మళ్ళీ చూడు. 1 స్క్వేర్ పల్చటి తొడుగు వైరు 2.1 దాటదు. అంటే రాగి పరంగా పిన్నులోకి సరిపోతుంది, నీటి పరంగా సరిపోదు! డీటీ వాడితే 1.5 స్క్వేర్‌కి తగ్గకు. లేదా సన్న వైరుకి చేసిన సీలు రకం అడుగు, దాని పార్టు నంబరు చివర సీ015 అని ఉంటుంది.

అమెరికా వీడియోలు చూసి వెదర్‌ప్యాక్ అనే పేరు తెచ్చావు. అది జనరల్ మోటార్స్ వాళ్ళ ప్యాకార్డ్ ఎలక్ట్రిక్ చేసింది. 20 ఆంపియర్లు, గుండ్రటి పిన్ను, సీలు రంగుతో గేజి, అంటే అమెరికా వైరు లావు నంబరు, గుర్తుపట్టొచ్చు (ఆకుపచ్చది 18–20 గేజికి, బూడిద రంగుది 14–16కి, నీలం 12కి). చెడ్డదేం కాదు. కానీ రేపు ఒక పిన్ను విరిగితే కాకినాడలో ఎక్కడ వెతుకుతావు? రాత్రి ఏడింటికి ఊళ్ళో దొరికే పిన్నున్న కప్లరే మంచి కప్లర్ అని నా లెక్క. అందుకే నీకు సూపర్‌సీలూ డీటీలే చెబుతున్నాను.

కప్లర్ మీద ఐపీ67 అని రాసుంటుంది, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుతుందని. వాగు దాటడానికి అది చాలు. సర్వీసు స్టేషన్‌లో ప్రెషర్ గన్ను దగ్గరగా పెట్టి కొడితే అది వేరే పరీక్ష, దానికి వేరే అంకె ఉంది, 9కే అంటారు. కడిగేవాడికి ముందే చెప్పు, కప్లర్ల వెనక వైపు సూటిగా కొట్టొద్దని.

ఆంపియర్ల లెక్క చూద్దాం. హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లదైతే హై బీమ్‌లో ఒక్కోటి 5 ఆంపియర్లు, రెండింటికీ కలిపి 10. 1.5 స్క్వేర్ వైరు మీటరుకి సుమారు 12 మిల్లీ ఓములు. రానూపోనూ ఆరు మీటర్లు వేసి ఆ 10 ఆంపియర్లూ ఒకే జతలో పంపితే 0.7 వోల్టు దారిలోనే పోతుంది. అదే 2.5 స్క్వేర్ అయితే 0.45. అందుకే రిలేని (చిన్న స్విచ్చి కరెంటుతో పెద్ద కరెంటు నడిపే డబ్బా) బ్యాటరీ దగ్గర పెట్టి, ఒక్కో లైటుకి విడివిడిగా 1.5 లాగు, నష్టం సగమవుతుంది. రేడియేటర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాను పెడుతున్నావు కదా, దానితోనే జాగ్రత్త. 120 వాట్లదైతే నడిచేటప్పుడు 9–10 ఆంపియర్లు, మొదలయ్యేటప్పుడు క్షణం పాటు రెండు మూడింతలు లాగుతుంది. సూపర్‌సీల్ 14 అని రాసుందని దానికి పెట్టకు. రేడియేటర్ పక్కన ముందే వేడి, ఆపైన రోజంతా కరెంటు. అలాంటి చోట అంకెలో సగం, మహా అయితే మూడింట రెండొంతులే వాడుకోవాలి. ఫ్యానుకి డీటీపీ కొను. డీటీకి పెద్దన్న, పిన్నుకి 25 ఆంపియర్లు, 2.5 స్క్వేర్ రాగి పిన్నులో పడుతుంది. కానీ దీని మామూలు సీలు 3.4 నుంచి 4.3 మి.మీ. మందాన్నే పట్టుకుంటుంది, కాబట్టి 3 మి.మీ. దాటని ఆ పల్చటి తొడుగు వైరుకి ఇక్కడా సన్న వైరుకి చేసిన సీలు రకమే అడుగు. స్టార్టరు, ఆల్టర్నేటరు లావు వైర్లకి అసలు కప్లర్లే వద్దు. రింగు లగ్గు, బోల్టు, పైన రబ్బరు బూటు.

ఇప్పుడు అసలు పని, క్రింపింగు, అంటే వైరు కొసకి పిన్నుని నొక్కి బిగించడం. పది కప్లర్లు చెడితే ఎనిమిది ఇక్కడే చెడతాయి. మామూలు ప్లయరుతో నొక్కకు. నీలం, ఎర్రటి ప్లాస్టిక్ లగ్గులు నొక్కే ప్లయరు కూడా పనికిరాదు. రెక్కలున్న టెర్మినల్‌కి, అంటే పిన్నుకి, ఆ రెక్కల్ని లోపలికి మడిచే దవడలున్న రాట్చెట్ క్రింపర్ కావాలి. ముందు రెక్కలు రాగిని పట్టాలి, వెనక రెక్కలు సీలు మెడని చుట్టాలి. సీలుని ముందే వైరుకి ఎక్కించు, మరిచిపోతే టెర్మినల్ కోసి మళ్ళీ మొదటికి. రాగి కొసలు ముందు రెక్కల అవతల అర మి.మీ. నుంచి ఒక మి.మీ. కనిపించాలి. తొడుగు అంచు రెండు జతల రెక్కల మధ్య కనిపించాలి. తొడుగు ముందు రెక్కల కిందకి పోతే రాగికి పట్టుండదు, నొక్కింది ప్లాస్టిక్‌నే అవుతుంది. వెనక రెక్కలు మరీ బిగిస్తే సీలు చీలుతుంది.

నొక్కాక సోల్డర్ పెడదామని నీకు తప్పక అనిపిస్తుంది, ఆగు. సోల్డర్ పోగుల మధ్య వెనక్కి పాకి, వైరుని అక్కడిదాకా ఊచలా చేస్తుంది. ఊచ ఎక్కడ ఆగి మెత్తటి వైరు ఎక్కడ మొదలవుతుందో, అదురుడికి సరిగ్గా అక్కడే తెగుతుంది. బాగా నొక్కిన క్రింపుకి సోల్డర్ అక్కర్లేదు, నొక్కడం చెడితే సోల్డర్ కాపాడదు. డీటీలో గుండ్రంగా నిండుగా ఉండే సాలిడ్ పిన్నులకి నాలుగు వైపులా గుచ్చే వేరే టూలు కావాలి, ఖరీదెక్కువ. ఒక్క బండి కోసం అది కొనకు, రేకు మడిచి చేసిన పిన్నులు తీసుకో, అవి రెక్కల క్రింపర్‌తోనే అవుతాయి.

పిన్ను లోపలికి తోశాక చిన్న టక్కు వినాలి, తర్వాత వైరు వెనక్కి లాగి చూడాలి. డీటీలో ఆఖరున ముందు వైపు నుంచి రంగు చీల తోస్తావు. ఏ పిన్నైనా సగంలో ఆగి ఉంటే ఆ చీల కూర్చోదు. మొండికేసిందని స్క్రూడ్రైవర్‌తో కొట్టకు, పిన్ను పూర్తిగా వెళ్ళలేదని అది నీకు చెబుతోంది.

వాడని రంధ్రాలు మూయడం అందరూ మరిచే పని. వెనక లైట్లకి ఒక్కో వైపూ టెయిల్, బ్రేకు, ఇండికేటరు, రివర్సు, ఎర్తు కలిపి ఐదు వైర్లు. ఐదు పిన్నుల డీటీ రాదు, ఆరుది కొంటావు. ఆరో రంధ్రానికి రెండు సగాల్లోనూ డమ్మీ ప్లగ్గు పెట్టాలి, పార్టు నంబరు 114017. అలాగే ఒక సీలులోంచి రెండు వైర్లు దూర్చకు. రెండు గుండ్రాల మధ్య మిగిలే పల్లంలోంచి నీళ్ళు దర్జాగా వెళ్తాయి. వైరు చీలాల్సి వస్తే కప్లర్‌కి దూరంగా హార్నెస్‌లో (వైర్ల కట్టలో) జోడించి, లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ స్లీవు వెయ్యి. చివర్లలో జిగురు బయటికి ఊరేదాకా కాల్చాలి.

హార్డ్‌వేర్ షాపు సిలికాన్ కప్లర్ వెనక నింపే అలవాటు కొందరికుంది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వదిలేది వెనిగర్ ఆమ్లమే, రాగిని అదే తినేస్తుంది. టెస్ట్ లైటు సూదితో వైరు తొడుగుని గుచ్చి చూసే అలవాటూ మానెయ్. ఆ చిల్లు తర్వాత నీళ్ళకి తలుపు. వోల్టేజి నష్టం చూడాలంటే, సీళ్ళు బిగించే ముందే లైటు వెలిగించి, మీటరు 200 మిల్లీవోల్టులలో పెట్టి, ఒక్కో జాయింటుకి అటూ ఇటూ పెట్టి చూడు. అన్నీ దగ్గర దగ్గరగా ఉండి ఒక్కటే ఎక్కువ చూపిస్తే ఆ క్రింపు కోసెయ్.

బిగించేటప్పుడు కప్లర్ నోరు ఆకాశం వైపు పెట్టకు. అడ్డంగా పడుకోబెట్టి, వైరు కప్లర్ కంటే కిందికి ఒక వంపు తిరిగి వచ్చేలా కట్టు, కారే నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. వైరు సీలు దగ్గర పక్కకి లాగినట్టు ఉండకూడదు, సీలు ఓ వైపు సాగి రెండో వైపు సందు వదులుతుంది.

నీ బండికి లెక్క వేశాను. సూపర్‌సీల్ మూడు పిన్నులవి 2 సెట్లు (హెడ్‌లైట్లు), రెండు పిన్నులవి 6 (ఫాగ్ లైట్లు, ముందు ఇండికేటర్లు, హారను, ఫ్యాను టెంపరేచర్ స్విచ్చి). డీటీ ఆరు పిన్నులవి 2, డీటీపీ రెండు పిన్నులది 1. సూపర్‌సీల్‌కి మగ పిన్నులు 18, ఆడవి 18 సరిపోతాయి గానీ ఒక్కోటి 30 తెచ్చుకో, సీళ్ళు 60. మొదటి పది పిన్నులూ నేర్చుకోవడానికే పోతాయి, వాటిని బండికి వాడకు. డమ్మీ ప్లగ్గులు 4 చాలు, అవి చేతిలోంచి జారి పోతుంటాయి కాబట్టి 8 తీసుకో. విజయవాడ ఆటోనగర్ వెళ్తే అన్నీ ఒకే వీధిలో దొరకొచ్చు. హైదరాబాద్ వచ్చే పనుంటే రాణీగంజ్.

కొనేముందు ఆ ఫ్యాను వెనక స్టిక్కరు మీద ఎన్ని వాట్లో చూసి రాయి. 200 దాటితే డీటీపీ కూడా చాలదు, అప్పుడు వేరే లెక్క వెయ్యాలి.

నీ
రాజు