ఫ్రెష్ స్టాక్ అన్నారు, ఆరేళ్ల నాటి టైర్లు పంపారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

2025 నవంబరులో మీ దగ్గర మా అంబాసిడర్‌కి నాలుగు టైర్లు, నాలుగు ట్యూబులు కొన్నాను. మొత్తం 17,200 కట్టాను. మీ చాట్‌లో ఇప్పటికి మూడుసార్లు చెప్పుకున్నా, ప్రతిసారీ ఒక కొత్త మనిషి వచ్చి "మీ సమస్య ఏంటి సార్" అని మొదటినుంచి అడుగుతున్నాడు, అందుకే ఈసారి అంతా ఒకేచోట రాస్తున్నా.

మాది 1984 బండి, మార్క్ 4, నాన్నగారు పోర్టులో పనిచేసేటప్పుడు కొన్నది. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద కవర్ కప్పుకుని ఉంటుంది. ఆదివారం భీమిలి దాకా, ఎప్పుడైనా సింహాచలం కొండ మీదకి, ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. రోజూ తిరిగే కారుకి టైర్లు అరిగి పోతాయి. మాలాంటి బండికి అరగవు, వయసైపోయి పోతాయి. ఎండ, గాలి, నెలలకొద్దీ ఒకేచోట నిలబడటం, వీటికే పక్కలు పగిలిపోతాయి. పాత సెట్ అలాగే పోయింది, బటన్లు, అదే రోడ్డుకి ఆనే రబ్బరు గడులు, సగానికి పైగా ఉండగానే. అందుకే నేను టైరు కొనేటప్పుడు ధర తర్వాత చూసేది తయారీ తేదీనే.

ఇప్పటి కార్లకి వచ్చే రేడియల్ టైర్లు వేయించమని చాలామంది చెప్పారు. రోడ్డు మీద పట్టు బాగుంటుంది, ఎక్కువ మన్నుతాయి, కాదనను. కానీ ఇది పవర్ స్టీరింగ్ లేని బండి, వాటితో జగదాంబ దగ్గర పార్కింగ్ చేయాలంటే భుజాలు పడిపోతాయి. పైగా స్టెప్నీ కూడా మార్చాల్సి వస్తుంది, పాతరకం నైలాన్ టైర్లనీ రేడియల్స్‌నీ కలిపి నడపకూడదు కదా. ఫారిన్ నుంచి తెప్పించే తెల్ల పట్టీ టైర్ల ధర వింటేనే కళ్లు తిరిగాయి. చివరికి బండితో వచ్చిన 5.90-15 సైజులోనే నైలాన్ టైర్లు తీసుకుందామనుకున్నా, అదీ సెప్టెంబర్ 22న టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగేదాకా ఆగి మరీ.

మీ సైట్లో అంబాసిడర్ పేరే లేదు. చాట్‌లో అడిగితే ఉన్నాయన్నారు. ఏ వారం తయారైనవో చెప్పండి అని నేను పెట్టిన మెసేజ్, "అంతా ఫ్రెష్ స్టాక్ సార్, టెన్షన్ పడకండి" అని మీవాళ్లిచ్చిన జవాబు, రెండిటి స్క్రీన్‌షాట్లూ జత చేశాను.

టైర్లు నిగనిగలాడుతూ వచ్చాయి. కంచరపాలెంలో మాకు తెలిసిన టైర్ల షాపుకి తీసుకెళ్తే, ఆయన రిమ్ముకి ఎక్కించేముందు తడిగుడ్డతో పక్కంతా ఒకసారి తుడిచాడు. గుడ్డ నల్లగా అయింది, అంతా పాలిష్. తర్వాత మోకాలు ఆనించి టైరుని వంచితే, అక్షరాల అచ్చు చుట్టూ వెంట్రుకంత సన్నటి గీతలు వరసగా విచ్చుకున్నాయి. వదిలితే మూసుకున్నాయి. "ఏటి బాబూ ఇది, ముసలి టైర్లకి రంగేసి పంపీసినారు" అన్నాడు.

ఫోన్ లైట్ వేసి నంబర్లు చూశాం. రెండింటి మీద 3419, ఒకదాని మీద 0620, నాలుగోదాని మీద 2222. మొదటి రెండంకెలు వారం, తర్వాతవి సంవత్సరం అని టైర్లమ్మే మీకు నేను చెప్పక్కర్లేదు. అంటే రెండు టైర్లు 2019 ఆగస్టులో పుట్టాయి, కరోనా కన్నా పెద్దవి. నాలుగు టైర్లకి మూడు పుట్టినరోజులు!

దీనికి మీవాళ్ల సమాధానం, "టైరు మీద రబ్బరు వెంట్రుకలు ఇంకా ఉన్నాయి కదా సార్, వాడలేదు, కాబట్టి కొత్తవే." వాడలేదని నేనూ ఒప్పుకుంటా. మందుల షాపులో ఆరేళ్లు పడున్న బిళ్లని కూడా ఎవరూ మింగలేదు, దాన్ని కొత్తదని అమ్ముతారా? ఐదేళ్లు దాటిన టైర్లని ఏటా చూపించుకోమని, పదేళ్లయితే బటన్లు ఎన్ని ఉన్నా తీసేయమని పెద్ద టైర్ల కంపెనీలే చెప్తున్నాయి. ఆ లెక్కన ఆ రెండిటికీ సగానికి పైగా ఆయుష్షు నా చేతికి రాకముందే అయిపోయింది. పాత సరుకని ముందే చెప్పి ధర తగ్గించి ఉంటే, కొనాలో వద్దో నేనే తేల్చుకునేవాణ్ణి.

నాలుగూ ఒకే ఏడాదివి, తయారై ఏడాది దాటనివి పంపండి, పంపేముందు నంబర్ల ఫోటోలు పెట్టండి. లేదంటే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి, తీసుకెళ్లే ఖర్చు మీదే. 15 రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఇక్కడి వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది.

టైర్లు వేటినీ ఎక్కించలేదు, నాలుగూ మా బాల్కనీలో ఉన్నాయి, బట్టలారేసుకోవడానికి చోటు లేదని ఇంట్లో రోజూ గొడవ. మీ మనిషి వచ్చేముందు ఫోన్ చేయమనండి, మాది మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు.

ఇట్లు,
మీ కస్టమర్, విశాఖపట్నం