రంగం చందాల సంగతి

నార్విచ్, ఇంగ్లండు

పూజ్యులైన పెదనాన్నగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. బర్మా రాజధాని రంగంలో (రంగూన్‌లో) తాతయ్యగారు రెండో ప్రపంచయుద్ధపు నిధికి చందా కట్టిన రసీదు ఫొటో మీరు పంపి, ఆ డబ్బు ఏమయిందో కనుక్కోమన్నారు. ఊదారంగు ముద్ర చెరిగిపోయినా ఐదు రూపాయలన్న అంకె మాత్రం స్పష్టంగానే ఉంది. ఆ ఐదు రూపాయల జాడను విడిగా పట్టుకోలేం గాని, బర్మాలో పోగైన చందాల గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలోని 257వ స్క్వాడ్రన్‌కు (విమానాల జట్టుకు) బర్మా పేరు పెట్టారు. ఆ స్క్వాడ్రన్ హరికేన్ విమానాలు 1941లో చాలాకాలం మా ఊరికి దగ్గరలోని కోల్టిషాల్ వైమానిక స్థావరం నుంచే ఎగిరాయి. మొన్న ఆదివారం వెళ్ళి చూస్తే అక్కడ ఒక జైలూ, వరసలుగా సోలార్ పలకలూ ఉన్నాయి.

మనవాళ్ళు ఇచ్చింది ఇదొక్కటే కాదు. హైదరాబాదు పేరున 152వ స్క్వాడ్రన్, మద్రాసు ప్రెసిడెన్సీ పేరున 234వ స్క్వాడ్రన్ ఉండేవి. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఒక్కింటికి 5,000 పౌండ్లని లెక్కకట్టి సామ్రాజ్యమంతటా చందాలు పోగుచేశారు.

మరి రంగానికి మిగిలిందేమిటి? తూర్పు దేశాలన్నిటి రక్షణకు 1941 చివరికల్లా 336 విమానాలు కావాలని లండన్ సేనాధిపతులు 1940 ఆగస్టులోనే అంచనా వేశారు. అయినా యుద్ధం వచ్చిపడే వేళకు రంగం విమానాశ్రయమైన మింగలడాన్‌లో ఉన్నవి 16 బఫెలో యుద్ధవిమానాలు, వాటికి తోడు చైనా జీతాలిచ్చి పెట్టుకున్న అమెరికన్ వైమానికుల పీ-40 విమానాలు సుమారు ఇరవై మాత్రమే. అంటే చందా కట్టింది బర్మా, ఆ విమానాలు కాపు కాసింది ఇంగ్లండును, బర్మాకు కాపు కాసినవాటిలో సగానికి పైగా చైనా ఖర్చు మీద వచ్చినవి! పైగా బర్మా రక్షణ బాధ్యత 1940 నవంబరులో సింగపూరుకు, 1941 డిసెంబరులో ఢిల్లీకి, మరుసటి నెలలో జావాకు మారింది. ఇన్ని చేతులు మారిన పని ఎవరికి పట్టింది గనుక?

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీదికి వచ్చినప్పుడు జనం కందకాల్లోకి దిగకుండా వీధుల్లో నిలబడి ఆకాశంకేసి చూశారట. వెయ్యిమందికి పైగా పోయారు, వారిలో రేవు కూలీలైన మనవాళ్ళు ఎందరో ఉన్నారు.

అప్పుడు లండన్ కూడా కాలిపోతోంది కదా, వాళ్ళనేం తప్పుపడతావని మీరు అన్నారు. 1940 వరకు ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఈ దేశపు ఉప్పు తింటున్నాను గనుక వెనకేసుకొస్తున్నాననుకోకండి, నా కోపమంతా ఆ తరువాతి ఏడాది మీదనే.

1942 మార్చి 8న రంగం పడిపోయింది, ఏప్రిల్ 6న మన కాకినాడ, విశాఖల మీద కూడా బాంబులు పడ్డాయి. అప్పటికి తాతయ్యగారు ఇల్లు చేరారా, ఇంకా దారిలోనే ఉన్నారా? పెద్దత్తయ్యగారికి తెలిసే ఉంటుంది, అడిగి రాయగలరు.

ఇట్లు
మీ శ్రీను