నీ కార్డు కవర్లోనే ఉంది

నెల్లూరు, ఆదివారం

ఒరేయ్ కెప్టెనూ,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, పడతాను. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా నడుస్తోంది. చెల్లికి కావలి బదిలీ అయింది. మిగతా అంతా మామూలే. అసలు సంగతి విను, మేం ఇంట్లో కాగితం తయారు చేశాం రా!

ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అమ్మది ఒకటే పట్టు, ఆదుకున్న వాళ్లందరికీ థాంక్స్ రాసి ఇవ్వాలని. కొట్లో కార్డులు తెస్తే పక్కన పెట్టేసింది. రొట్టెల పండక్కి పక్కింటి పిన్ని స్వర్ణాల చెరువులో దిగి, అమ్మకి నయం కావాలని కోరుకుని ఆరోగ్య రొట్టె అందుకుంది గదా. "కోరిక తీరితే మళ్లీ ఏడు మన చేత్తో రొట్టె చేసుకెళ్లి ఇస్తాం. ఇదీ అట్టాగే చెయ్యాల" అంది అమ్మ.

అటక మీద అమ్మ బడిలో పాఠాలు చెప్పిన నాటి ప్రశ్నపత్రాల కట్టలున్నాయి. (నీ త్రిభుజం పేపరు దొరికింది! అది మాత్రం దాచాను.) ముక్కలు చింపి రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి గుప్పెడు గుప్పెడుగా మిక్సీలో తిప్పాం. ఆ గుజ్జు టబ్బు నీళ్లలో పోస్తే, అమ్మ తన ఉదయగిరి చెక్క గరిటెతో కలుపుతూ కూర్చుంది. దోమల జాలీ బిగించిన చెక్క చట్రం ఏటవాలుగా ముంచి, అడుగున తిప్పి, సమంగా పైకి లేపాలి. నీళ్లు కారుతుండగానే మెల్లగా అటూ ఇటూ ఊపాలి. పీచులు ఒకదాన్నొకటి పట్టుకునేది అప్పుడే. తర్వాత తడిగుడ్డ మీద బోర్లించి, వెనక స్పాంజితో అద్ది, ఒక మూల నుంచి చట్రం ఎత్తితే... పల్చటి పొర గుడ్డ మీద నిలిచిపోయింది రా! అమ్మ చప్పట్లు కొట్టింది. ఎన్ని నెలలైందో ఆ చప్పుడు విని.

ఆరాక రాస్తే సిరా పాకింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా మొలగొలుకుల అన్నం వార్చిన గంజి తెచ్చి, పల్చన చేసి రెండు వైపులా పూసి ఆరబెట్టింది. పైన పాత పంచె పరిచి ఇస్త్రీ చేసింది. గంజి పీచుల సందులు పూడ్చేసింది, ఇక పెన్ను ఎంత హాయిగా నడిచిందో! మిగతా గుజ్జులో బంతి రేకులు కూడా కలిపాం.

మొదటి కార్డు రాత్రి డ్యూటీ ఆయమ్మకి. నిన్ను టీ ఫ్లాస్కుతో సహా బయటికి తరిమింది చూడు, ఆవిడే. ఆమెకి చదువు రాదు. "చదువు నాయనా" అంది. అమ్మ రాసిందంతా చదివాను, జ్వరం రాత్రి తడిగుడ్డలు మార్చిన సంగతి కూడా. "నా పేరు యాడుంది?" అని అడిగి, దాని మీద వేలు పెట్టుకుని కాసేపు అట్టాగే నిలబడింది. తర్వాత తోటివాళ్లని పిలిచి మళ్లీ చదివించింది. నాకు గొంతు పట్టేసింది రా, ఇంకా ఎట్టా చెప్పాలో...

సరే. డాక్టరుగారికీ, రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లలకీ రాయాలి. కాగితాలు చాలవు, మళ్లీ నానబెట్టాం. నీది మాత్రం అమ్మే రాసింది, నన్ను చూడనివ్వలేదు. ఏం రాసిందో నాకు చెప్పాలి, మర్చిపోకు.

అమ్మ పిలుస్తోంది, మిక్సీ ఆన్ చెయ్యాలంట. ఉంటా.

నీ వికెట్ కీపర్