పడకలు ఖాళీగా ఉంటే రోగులు లేనట్టేనా?

సంపాదకులకు,

జిల్లా ఆసుపత్రి డీ-అడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) వార్డులో ఆడవాళ్ల పడకలు ఖాళీగానే ఉంటున్నాయని, కాబట్టి మహిళల్లో మత్తు బెడద అంతగా లేదని అధికారులు సెలవిచ్చిన వార్త పది రోజుల కిందట మీ పత్రికలో చూశాం. సంతోషం! నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల్లో పొద్దుగూకాక కల్లు దుకాణం ముందు ఎవరెవరు కూర్చుంటారో ఆ సార్లు ఒక్కసారి వెళ్లి చూస్తే బాగుండు. బీడీలు చుట్టి, నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు అక్కడ కనబడతారు.

కల్తీ సీసాలో కల్లు పాలెంతో గానీ, మత్తు మాత్రం అందులో కలిపే ఆల్ప్రాజోలం, డైజోఫాం (డయాజిపాం), క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులదే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుకు అడ్డుకట్ట పడగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం వందల్లో వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ కిక్కిరిసింది. అప్పుడు కనబడ్డ ఆడవాళ్లు ఇప్పుడేమయ్యారు?

ఎక్కడికీ పోలేదు, క్యాజువాలిటీకి (అత్యవసర విభాగానికి) వస్తున్నారు. కల్లు మానిన రెండు మూడు రోజులకు చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఆపై ఫిట్స్, లేనివి కనబడటం. కేసు షీటులో 'ఫిట్స్' అనో 'వింత ప్రవర్తన' అనో రాస్తారు. కల్లు సంగతి అడిగేవారుండరు, ఆమె సిగ్గుతో చెప్పదు. మామూలు ఫిట్స్‌కు వాడే ఫినైటాయిన్ ఎక్కిస్తారు, ఈ రకం ఫిట్స్‌కు అది పనిచేయదు. కావలసింది కల్లులో కలిపే ఆ డైజోఫామే, అదీ డాక్టరు చేతి మీదుగా, వారాల తరబడి మోతాదు కొద్దికొద్దిగా దించుతూ. మద్యం కూడా తాగేవారైతే గ్లూకోజుకు ముందే థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. ఇవేవీ లేకుండా రెండో రోజే డిశ్చార్జి! ఇంటికెళ్లి ఒక సీసా తాగితే వణుకు తగ్గుతుంది. ఇక ఇంటిల్లిపాదికీ కల్లే మందు.

వార్డు రిజిస్టరులో ఉన్నది వచ్చినవారి లెక్క. మద్యానికి బానిసలైన వారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందికి ఒక్కరేనని 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సర్వేనే చెప్పింది. అది చదివే తీరిక ఎవరికుంది? జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినాన, ర్యాలీ, ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ, ఫొటో అయిపోతే ఏడాది పని ముగిసినట్టే. గంజాయితో దొరికిన కుర్రాళ్లకు రోజూ పత్రికలో చోటుంటుంది (మీరూ తక్కువేం కాదు). యాభై ఏళ్ల కూలి తల్లికి ఉండదు.

పిల్లల్ని ఎవరికో అప్పగించి, కూలి పోగొట్టుకుని, మగవాళ్ల వార్డు పక్కనే పడుకోవడానికి ఏ ఆడమనిషి వస్తుంది? విడిగా గది, రాత్రిపూట ఆడ నర్సు, మండల కేంద్రంలో వారానికోసారి మందులు ఇవ్వండి. క్యాజువాలిటీ చీటీలో 'కల్లు అలవాటు ఉందా, చివరిసారి ఎప్పుడు తాగారు' అని ఒక్క వరుస చేర్చండి. ఖాళీ పడకల లెక్క ఆ తర్వాత చెబుదురు గాని.

– ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా