డిటెక్టివ్ కథలకూ ఆదివారం చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని కథలను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. కుటుంబ బంధాలు, వలసలు, ముసలితనంలోని ఒంటరితనం వంటి విషయాలపై మంచి కథలు వస్తున్నాయి. అపరాధ పరిశోధన కథ గానీ, సూపర్‌హీరో కథ గానీ ఆ పేజీల్లో కనిపించడం మాత్రం అరుదు. సరదాగా, ఇష్టంగా చదువుకునే ఈ కథలను సాహిత్యం కిందికి రావన్నట్టు పక్కన పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

డిటెక్టివ్ కథ అనగానే చాలామంది రక్తపాతాన్నే ఊహించుకుంటారు గానీ, వాటిని ఇష్టపడేవాళ్లకు అసలు రుచి మరోచోట ఉంటుంది. నేరస్థుణ్ణి పట్టించే ఆధారం మన కళ్లెదుటే ఉండాలి. చూసి కూడా మనం దాటిపోయేలా రచయిత రాయాలి. చివర్లో గుట్టు విప్పినప్పుడు మనం వెనక్కి వెళ్లి, ఆ వాక్యం మళ్లీ చదివి, అవును, ఇక్కడే ఉందని ఒప్పుకోవాలి. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడి నుంచి దాచకూడదన్నది ఇంగ్లండ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో ప్రకటించిన పది నియమాల్లో ఒకటి. పాఠకుడి తెలివిని ఇంతగా గౌరవించే రచనను చులకన చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఆ తర్వాత మధుబాబు నవలల్లోని గూఢచారి షాడో ఎంతోమందికి తెలుగు చదివే అలవాటు చేశారు. అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిన ఆ నవలల కోసం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే మన దగ్గర ఈ సంప్రదాయం ప్రధానంగా నవలల్లోనే సాగింది. షెర్లాక్ హోమ్స్‌కు అంత పేరు తెచ్చినవి 1891 నుంచి స్ట్రాండ్ మాసపత్రికలో వచ్చిన చిన్న కథలు. కోనన్ డాయిల్ హోమ్స్‌పై రాసిన నవలలు 4 అయితే, కథలు 56. దాదాపు ప్రతి కథా ఒక్క సంచికలో ముగిసేది. పత్రిక చోటిచ్చింది కనుకనే ఆ కథ నిలిచింది.

సూపర్‌హీరోలు బొమ్మల్లోనో తెరమీదో తప్ప పండరని కొందరంటారు. 1938లో సూపర్‌మ్యాన్ కామిక్ పుస్తకంలోనే తొలిసారి కనిపించిన మాట నిజమే. కానీ శక్తి వచ్చిన మనిషి మనసులో ఏం జరుగుతుందో వచనం చూపినంత లోతుగా బొమ్మ చూపలేదు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆనాడు ప్రవాహాన్ని కొన్ని క్షణాలే ఆపగల కుర్రాడు ఒకడు అక్కడ ఉండి, ఏ ఒడ్డును కాపాడాలో తేల్చుకోవలసి వస్తే, అది నాలుగు పేజీల్లో ఎంత గొప్ప కథ అవుతుంది! శక్తికి హద్దు ఉన్నప్పుడే కథ పుడుతుంది. తన బలం తనకే గుర్తులేని హనుమంతుడికి జాంబవంతుడు దాన్ని గుర్తుచేసే ఘట్టాన్ని తరతరాలుగా ఇష్టపడుతున్న మనకు ఇది వేరే ఎవరో చెప్పనక్కర్లేదు.

కనుక నెలకు ఒక్క ఆదివారం ఈ కథలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. డిటెక్టివ్ కథ అయితే ముగింపును వారంపాటు ఆపి, నేరస్థుడు ఎవరో, ఏ ఆధారంతో చెప్పగలరో పాఠకులను రాయమనవచ్చు. ఇటీవలి నిజ సంఘటనల్లోని బాధితులను గుర్తుపట్టేలా రాసిన కథలను మాత్రం దయచేసి వేయకండి. ఒక కుటుంబం దుఃఖం మరొకరికి వినోదం కాకూడదు. రాసేవాళ్లు దొరుకుతారా అన్న సందేహం ఉంటే ముందుగా ఒక కథల పోటీ ప్రకటించండి. న్యాయనిర్ణేతల్లో ఈ కథలను ఇష్టంగా చదివేవారు ఒక్కరైనా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్